ఒక తొర్ర చెట్టు ఖరీదెంత?

మీ ఫోన్‌లో మ్యాప్ తెరిచి, రష్యాకు తూర్పు చివర వ్లాదివోస్తోక్ ఎక్కడుందో చూడండి. అక్కణ్నుంచి వేలిని మెల్లగా ఈశాన్యం వైపు జరపండి. ఎడమ పక్క చైనా సరిహద్దు, కుడి పక్క జపాన్ సముద్రం. మధ్యలో ముడతలు పడ్డ ఆకుపచ్చ దుప్పటిలా ఓ కొండల వరస కనిపిస్తుంది. దాని పేరు సిఖోతె-అలిన్. ఆ ముడతల్లోంచి పడమరకు వంకర్లు తిరుగుతూ దిగే సన్నని గీత ఉంది చూశారా, అదే ఈ వారం మన నది. పేరు బికిన్.

పొడవు సుమారు 560 కిలోమీటర్లు. అంటే దాదాపు మన పెన్నంత. కానీ పెన్న పక్కన ఊళ్లు లెక్కపెట్టాలంటే రోజు పడుతుంది. బికిన్ పై భాగంలో వందల కిలోమీటర్లు వెళ్లినా ఊరన్నది తగలదు. అటూ ఇటూ అడవే.

నేను రెండు వారాలుగా ఈ నది వెంట పడ్డాను. ఆ గడ్డ మీద కాలు పెట్టి కాదు లెండి, పుస్తకాలు, శాటిలైట్ ఫొటోలు, ఒక పాత జపాన్ దర్శకుడి సినిమా పట్టుకుని. ఎందుకు పడ్డానంటే, 'మంచులో పులి' అని ఎప్పుడు ఫొటో చూసినా నాకో డౌట్ వచ్చేది. మైనస్ 40 చలిలో పులి ఏం తిని బతుకుతుంది? ఆ జవాబు వెతుకుతూ పోతే కథ పులి దగ్గర మొదలై ఒక తొర్ర చెట్టు దగ్గర తేలింది.

వింత నది, వింత అడవి

ముందు కాస్త జాగ్రఫీ. భయపడకండి, పరీక్షేమీ లేదు.

బికిన్ పుట్టిన కొండకు అవతల పక్క దిగితే సముద్రమే. కానీ నది అటు పోదు. వీపు తిప్పి పడమరకు నడిచి ఉసురి నదిలో కలుస్తుంది. ఉసురి ఉత్తరానికి పోయి ఖబారోవ్‌స్క్ దగ్గర అమూర్‌లో కలుస్తుంది. అక్కణ్నుంచి ఇంకో 900 కిలోమీటర్లకు పైగా నడిస్తే గానీ ఆ నీరు సముద్రం చూడదు. పక్కింటికి వెళ్లడానికి ఊరంతా చుట్టి వచ్చినట్టన్నమాట.

ఇంకో వింత. బికిన్ లోయ పారిస్ కన్నా దక్షిణాన ఉంది. మరి అంత చలి ఎందుకు? చలికాలంలో సైబీరియా మీదుగా గడ్డకట్టించే పొడి గాలి నేరుగా వచ్చి పడుతుంది. ఎండాకాలంలో సీన్ రివర్స్. సముద్రం మీంచి తడి గాలి లోపలికొస్తుంది. అవును, వాళ్లకూ రుతుపవనాలున్నాయి. జూలై, ఆగస్టుల్లో కుండపోత, వరదలు. మనకు నైరుతి ఎలాగో వాళ్లకు తూర్పు ఆసియా రుతుపవనాలు అలాగ.

ఈ రెండు గాలుల మధ్య నలిగిన అడవి ఎలా ఉంటుందంటే, ఉత్తరాది స్ప్రూస్, ఫర్ చెట్ల పక్కనే అడవి ద్రాక్ష తీగలు అల్లుకుని ఉంటాయి. మంచు దేశపు లింక్స్ తిరిగిన దారిలోనే పులి తిరుగుతుంది. గోధుమ రంగు ఎలుగుబంటి ఉంటుంది. మన హిమాలయాల్లో కనిపించే, ఛాతీ మీద తెల్ల మచ్చ ఉన్న నల్ల ఎలుగూ ఉంటుంది. జిన్‌సెంగ్ మొక్క ఇక్కడ అడవిలో దానంతటదే మొలుస్తుంది. ఉత్తరం, దక్షిణం ఒకే పంక్తిలో కూర్చుని భోజనం చేస్తున్నట్టుంటుంది.

పులి బువ్వ చెట్టు మీద ఉంది

ఇక నా డౌట్ సంగతి. పులి ఏం తింటుంది? అడవి పంది, జింక జాతులు. మరి అంత మంచులో పంది ఏం తింటుంది?

జవాబు: కొరియన్ పైన్. రష్యన్లు 'కెదర్' అంటారు. వందల ఏళ్లు బతికే, పదంతస్తుల మేడంత ఎత్తు పెరిగే చెట్టు. దీని కాయల్లో కొవ్వు నిండిన గింజలుంటాయి. సూపర్‌మార్కెట్‌లో చిన్న ప్యాకెట్‌కి గుండె గుభేలుమనే రేటుకు అమ్మే పైన్ నట్స్ ఉన్నాయే, ఆ జాతివే. ఏటా ఒకేలా కాయదు. మన మామిడికి కాపు ఏడాది, కాపు లేని ఏడాది ఉన్నట్టే దీనికీ కొన్నేళ్లకోసారి విరగకాపు. ఆ ఏడాది అడవిలో పండగే. ఎలుగులు, పందులు, ఉడతలు అన్నీ చెట్ల కిందే. ఆ గింజలతో పట్టిన కొవ్వే చలికాలాన్ని దాటిస్తుంది.

ఈ గింజలకు రెక్కలుండవు, గాలికి ఎగరవు. నట్‌క్రాకర్ అనే పక్షి, ఉడతలు వాటిని తర్వాత తిందామని మట్టిలో దాచుకుంటాయి. మర్చిపోయినవి మొలుస్తాయి. ఒక పక్షి మతిమరుపు మీద ఓ మహారణ్యం నిలబడింది!

సో, లెక్క సింపుల్. పైన్ కొడితే గింజ లేదు. గింజ లేకపోతే పంది లేదు. పంది లేకపోతే పులి లేదు. అందుకే 2010లో రష్యా కొరియన్ పైన్ నరకడాన్ని నిషేధించింది.

తిండి పలచగా దొరికే చోట పులికి చాలా జాగా కావాలి. ఇక్కడ ఒక ఆడపులికి సుమారు 400 చదరపు కిలోమీటర్ల అడవి అవసరం. హైదరాబాద్ జీహెచ్‌ఎంసీ పాత హద్దులన్నీ కలిపితే సుమారు 650 చదరపు కిలోమీటర్లు. అంటే కూకట్‌పల్లి నుంచి ఎల్బీనగర్ దాకా మొత్తం ఖాళీ చేసి అడవి పెంచినా రెండు ఆడపులులు సరిపెట్టుకోలేవు.

1940 ప్రాంతంలో లెవ్ కప్లానోవ్ అనే శాస్త్రవేత్త మంచులో అడుగులు లెక్కపెట్టుకుంటూ తిరిగి, ఈ పులులు ఇరవై, ముప్పై మాత్రమే మిగిలాయని తేల్చాడు. 1943లో వేటగాళ్లు ఆయన్ని కాల్చి చంపారు. 1947లో పులి వేట మీద నిషేధం వచ్చింది. మన వన్యప్రాణి సంరక్షణ చట్టం కన్నా పాతికేళ్లు ముందు. 2015 లెక్కల్లో రష్యాలో ఈ పులుల సంఖ్య 523 నుంచి 540. అందులో దాదాపు పదో వంతుకు ఇల్లు బికిన్ లోయే.

ఒకే తొర్ర, ముగ్గురు అద్దెదారులు

ఇప్పుడు అసలు హీరో ఎంట్రీ. నది ఒడ్డున ముసలి పాప్లార్, ఎల్మ్ చెట్లుంటాయి. లోపల బోలు, కొమ్మ విరిగిన చోట పెద్ద తొర్ర. కలప వ్యాపారి కంటికి అది దండగ చెట్టు. పలక రాదు, దూలం రాదు.

కానీ ఆ తొర్రలో ఎవరుంటారో చూడండి.

ఒకటి, బ్లాకిస్టన్ చేపల గుడ్లగూబ. ప్రపంచంలోకెల్లా పెద్ద గుడ్లగూబ ఇదే. రెక్కలు చాపితే రెండు మీటర్ల దాకా వస్తుంది. మన వాగుల దగ్గరా చేపలు పట్టే గుడ్లగూబ ఉంటుంది కదా, దానికి పెద్దక్క అనుకోండి. చలికాలంలో నదంతా గడ్డకట్టినా, అడుగు నుంచి ఊట వచ్చే చోట నీళ్లు కదులుతూనే ఉంటాయి. అక్కడ మంచు అంచున కూర్చుని చేప కోసం చూస్తుంది. మగ, ఆడ కలిసి పాడే జంట పాట ఎంత పక్కాగా కుదురుతుందంటే, వినేవాళ్లకు ఒకే పక్షి కూసినట్టు ఉంటుందట. అంత పెద్ద పక్షి గుడ్లు పెట్టాలంటే అంత పెద్ద తొర్ర కావాలి. అంత పెద్ద తొర్ర పడాలంటే చెట్టుకు కొన్ని తరాల వయసు రావాలి.

రెండు, పొలుసుల మెర్గాన్సర్ అనే బాతు. పక్కల మీద చేప పొలుసుల్లాంటి గీతలుంటాయి, తల వెనక చెదిరిన జుట్టు. ప్రపంచంలో చాలా తక్కువ మిగిలిన బాతుల్లో ఇదొకటి, దాని ముఖ్యమైన పుట్టిళ్లలో బికిన్ ఒకటి. చెట్టు తొర్రలో గుడ్లు పెడుతుంది. పిల్లలు పుట్టిన ఒకటి రెండు రోజులకే అంత ఎత్తు నుంచి కిందికి దూకేస్తాయి. ఎగరడం రాదు, ఊరికే దూకడమే. దూది ఉండల్లా పడి, లేచి, తల్లి వెనకాల నీళ్లలోకి నడుస్తాయి.

మూడు, నల్ల ఎలుగు. ఇది చాలాసార్లు నేల మీద గుహలో కాకుండా పెద్ద చెట్టు బోలులో చలికాలం నిద్రపోతుంది. మెలకువగా ఉంటే పులి, గోధుమ ఎలుగు రెండూ ప్రమాదమే. చెట్టు కడుపులో దూరితే భద్రం.

ఒక గుడ్లగూబ, ఒక బాతు, ఒక ఎలుగు. ముగ్గురికీ మనం 'పనికిరాదు' అని రాసిపడేసే చెట్టే దిక్కు. అందుకే ఆ చెట్టు ఖరీదెంత అని అడిగితే నా దగ్గర రూపాయల్లో జవాబు లేదు.

చేపల మాట కూడా చెప్పాలి. ప్రతి శరదృతువులో చమ్ సాల్మన్ సముద్రం నుంచి అమూర్, ఉసురి మీదుగా వెయ్యి కిలోమీటర్లకు పైగా ఎదురీది, గుడ్లు పెట్టడానికి ఈ నదికి వస్తుంది. గుడ్లు పెట్టాక చచ్చిపోతుంది. సముద్రంలో తిని పెంచుకున్న ఒళ్లంతా ఎలుగులకు, పక్షులకు, చివరికి ఒడ్డు మీది చెట్లకు ఎరువై పోతుంది.

'అంబా' అంటే పులి

ఇప్పుడు మనుషుల సంగతి. బికిన్ మీద క్రాస్నీ యార్ అనే ఊరుంది. సుమారు ఆరొందల మంది. ఎక్కువమంది ఉదెగె, నానాయ్ అనే ఆదివాసీ తెగలవాళ్లు. ఉదెగెలు ప్రపంచం మొత్తమ్మీద పదిహేను వందల మంది ఉంటారు, అంతే. మన వైపు ఒక ఓ మోస్తరు కాలేజీ స్ట్రెంత్.

వేట, చేపలు, పైన్ గింజలు ఏరడం వాళ్ల బతుకు. ఎండాకాలం పడవే బస్సు. పాత రోజుల్లో పాప్లార్ మాను తొలిచి, ముక్కు పారలా ఉండే 'ఉల్మాగ్దా' పడవలు చేసుకునేవాళ్లు. చలికాలంలో నదే రోడ్డు. గడ్డకట్టిన నీటి మీద స్నోమొబైల్ పోతుంది, అదే దారిలో పులీ నడుస్తుంది.

అక్కడివాళ్లు పులిని 'అంబా' అంటారు. మన దగ్గర ఆవు అంబా అంటుంది, అమ్మవారు అంబ, ఆమె వాహనం పులి! మాటలకు సంబంధం లేదు కానీ విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. వాళ్లకు అంబా అంటే భయమూ ఉంది, భక్తీ ఉంది. దాన్ని చంపకూడదన్నది పాత కట్టు.

వ్లదీమిర్ అర్సేన్యెవ్ అనే రష్యన్ అన్వేషకుడు 1906, 1907ల్లో ఈ కొండలన్నీ తిరిగాడు. దారి చూపినవాడు దెర్సు ఉజాలా అనే నానాయ్ వేటగాడు. దెర్సు లెక్కలో పులీ, పందీ, నిప్పూ, నీళ్లూ అన్నీ 'మనుషులే'. ఆయన మీద అర్సేన్యెవ్ రాసిన పుస్తకాన్ని అకిర కురొసావా 1975లో సినిమా తీశాడు, దానికి ఆస్కార్ వచ్చింది. నేను చెప్పిన పాత సినిమా అదే. రీల్స్ స్పీడ్‌కి అలవాటు పడ్డ కళ్లకు మొదటి అరగంట కాస్త నెమ్మదిగా అనిపిస్తుంది. ఓపిక పట్టండి.

అయితే ఇదంతా రొమాంటిక్ కథ అనుకోకండి. 1997 డిసెంబర్‌లో బికిన్ లోయలోనే సోబొలోన్యే అనే ఊరి దగ్గర ఒక వేటగాణ్ని పులి చంపి తినేసింది. మంచులో అడుగులు చదివిన అధికారులకు అర్థమైందేమిటంటే, అంతకు ముందే తుపాకీ దెబ్బ తిన్న ఆ పులి, అతని గుడిసె దగ్గరకొచ్చి, అతని వాసన ఉన్న సామాన్లు చీల్చిపారేసి, అతను వచ్చేదాకా కాచుక్కూర్చుంది. తర్వాత ఇంకో యువకుణ్నీ చంపింది. చివరికి దాన్ని కాల్చేశారు. జాన్ వైలెంట్ 'ది టైగర్' అనే పుస్తకంలో ఈ ఘటనంతా రాశాడు.

అందులో నన్ను పట్టుకున్నది పులి పగ కన్నా ఆ ఊరి పరిస్థితి. అది కలప కొట్టడం కోసం పుట్టిన ఊరు. సోవియట్ యూనియన్ కూలాక పని పోయింది, జీతాలు పోయాయి. జనానికి మిగిలింది అడవి, తుపాకీ. సరిహద్దు అవతల పులి ఎముకలకు కొనేవాళ్లున్నారు. కడుపు కాలిన మనిషికి, గాయపడ్డ పులికి మధ్య జరిగిన గొడవ అది. అడవిని కాపాడాలంటే పక్కనున్న ఊరి పొయ్యి మీద ఏముందో కూడా చూడాలని ఆ రెండు చావులూ చెప్పాయి.

గొడ్డలి వచ్చిన రోజు

1990ల మొదట్లో ఒక దక్షిణ కొరియా కంపెనీ భాగస్వామ్యంలోని కలప సంస్థ బికిన్ పై అడవి మీద కన్నేసింది. ఉదెగెలు అడ్డం తిరిగారు. పదిహేను వందల మంది తెగ, ఎదురుగా డాలర్లు. కోర్టు దాకా వెళ్లింది. ఆ నరికివేత ఆగింది.

తర్వాత 2009లో మధ్య బికిన్‌లోని సుమారు 4.6 లక్షల హెక్టార్ల పైన్ అడవిని ఉదెగె సంఘానికే 49 ఏళ్ల లీజుకిచ్చారు. గింజలు ఏరుకోవచ్చు, చెట్టు కొట్టకూడదు. 2015 నవంబర్‌లో నది పై భాగమంతా బికిన్ నేషనల్ పార్క్ అయింది. 11,600 చదరపు కిలోమీటర్లు. మన దేశంలో పెద్ద పులుల అభయారణ్యమైన నాగార్జునసాగర్-శ్రీశైలం లాంటివి మూడు అందులో పట్టేస్తాయి. 2018లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోనూ చేరింది.

పార్క్ అనగానే ఊళ్లో అందరూ చప్పట్లు కొట్టలేదు. 'రేపు మా వేట, మా చేపలు ఆపేస్తారా?' అని భయపడ్డారు. న్యాయమైన భయమే. చాలా దేశాల్లో పార్క్ గేటు పడింది ఆదివాసీ మొహం మీదే. చాన్నాళ్ల చర్చల తర్వాత పార్క్‌లో సగానికి పైగా భూమిని సంప్రదాయ వేట, చేపల వాడకానికే ఉంచారు. ఆదివాసీలతో ఒక మండలి పెట్టారు. అంతా సాఫీగా ఉందని కాదు. పార్క్ హద్దు బయట ఓక్, యాష్ చెట్ల దొంగ నరుకుడు ఈ ప్రాంతాన్ని ఏళ్లుగా పీడిస్తోంది. దానికి తోడు ఈమధ్య ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ వచ్చి అడవి పందుల్ని ఊడ్చింది. పందులు తగ్గితే పులులు ఊళ్లలోకి, కుక్కల కోసం వస్తాయి. అదే గొలుసు, ఈసారి ఇంకో చోట తెగింది.

ఇది చదువుతుంటే నాకు నల్లమల గుర్తొచ్చింది. అక్కడా పులి ఉంది, పులితో పాటు తరతరాలుగా తేనె తీసుకుని బతికే చెంచులున్నారు. అమ్రాబాద్‌లో యురేనియం తవ్వకాల మాట వచ్చినప్పుడు మీలో చాలామంది ఫోన్‌లోనే 'సేవ్ నల్లమల' పోస్టులు పెట్టారు. 2019 సెప్టెంబర్‌లో తెలంగాణ అసెంబ్లీ తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. అప్పుడు మనం అడవి మాట గట్టిగానే మాట్లాడాం. అదే అభయారణ్యం నుంచి చెంచు పెంటల్ని బయటికి తరలించాలన్న మాట వస్తే మాత్రం మన టైమ్‌లైన్లు చప్పుడు చేయవు. అడవిలో ఉండాలో, ఊరికి రావాలో ఆ ఇంటివాళ్లను అడిగి, వాళ్లు చెప్పింది వినాలి. బికిన్‌లో కనీసం ఆ బేరమైనా జరిగింది. ఆ ఒక్క ముక్క మనం అరువు తెచ్చుకోవచ్చు.

చివరగా ఒక చిన్న కబురు. బికిన్ కలిసే ఉసురి, అమూర్ మైదానాల వైపు అమూర్ ఫాల్కన్ అనే చిన్న డేగ పిల్లల్ని పెడుతుంది. చలి మొదలవగానే దక్షిణాఫ్రికా దాకా ప్రయాణం కడుతుంది. దారిలో నాగాలాండ్‌లో ఆగి పురుగులు తిని కొవ్వు పట్టిస్తుంది. 2012 దాకా అక్కడ వలలు వేసి వేలల్లో పట్టేవాళ్లు. తర్వాత ఆ ఊళ్లవాళ్లే వలలు తీసేసి కాపలా కాశారు. శాటిలైట్ ట్యాగులు చెప్పిన దాని ప్రకారం, అక్కణ్నుంచి లేచిన డేగలు మన తెలుగు నేల మీదుగా కూడా అరేబియా సముద్రం వైపు సాగిపోతాయి. నవంబర్‌లో ఎప్పుడైనా మేడ మీదికెళ్తే, ఫోన్ జేబులో పెట్టి ఓ ఐదు నిమిషాలు ఆకాశం చూడండి. బూడిద రంగు, ఎర్రటి కాళ్లు, సన్నటి రెక్కలు. కనబడితే ఫొటో నాకు పంపండి.